చల్లటి జెల్, ఉత్త జెల్

మార్చి 4

కొత్తమ్మాయి సెమినార్ ఇచ్చింది. తేలిక బరువు ఎత్తినప్పుడు, కండరాల్ని కదిలించే నరాల కణాల్లో, అంటే మోటార్ న్యూరాన్లలో, చిన్నవే పని చేస్తాయట. పెద్దవి పెద్ద బరువు పడితే తప్ప లేవవట. తొడ మీద చర్మానికి చల్లదనం తగిలితే మాత్రం, అదే తేలిక బరువుకి పెద్దవి కూడా ముందే లేస్తాయని ఆమె నమ్మకం. నిజమైతే, బరువులు ఎత్తలేని ముసలివాళ్ళకి కాళ్ళలో బలం తెప్పించవచ్చు.

ఈ మాట రెండేళ్ళ కిందట నేనే మా ల్యాబ్ హెడ్ సార్‌తో అన్నాను. ఒకాయన కాలికి ఐస్ పెడితే స్క్రీన్ మీద కండరం సిగ్నల్ గీతలు పెరిగాయండీ అని. టీ చల్లారిపోతోంది తాగమ్మా అన్నారు. ఇవాళ ఆయనే ముందు వరసలో కూర్చుని నోట్స్ రాసుకున్నారు.

నేను ఈ ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా చేరి పంతొమ్మిదేళ్ళు. ఆమె నిన్నగాక మొన్న వచ్చింది.

మార్చి 5

ఎలక్ట్రోడ్లు మీరే అంటించాలక్కా, మీ చెయ్యి పడితేనే సిగ్నల్ క్లీన్‌గా వస్తుందంట అంది. వెన్న రాసింది. రాయించుకున్నాను.

మార్చి 11

మొదటి మనిషి, రిటైరైన దర్జీ. ఒక రోజు మెంథాల్ కలిపిన చల్లటి జెల్, ఇంకో రోజు ఏమీ కలపని ఉత్త జెల్. రెండు రోజులూ అదే కుర్చీ, అదే బరువు, మోకాలు చాపి ఎత్తాలి. ప్రతి సెట్టుకీ పాత జెల్ తుడిచి కొత్తది రాయాలి.

పొడి గాజుగుడ్డతో తుడవమని రాసింది మహాతల్లి. అదేం శుభ్రం? జిగురంతా అలాగే ఉంటుంది. నేను స్పిరిట్‌తో తుడిచాను. అందరికీ అలాగే తుడుస్తాను. పనితనం ఎవరిదో చూసేవాళ్ళకి తెలియాలి.

మార్చి 19

కాన్ఫరెన్స్‌లో ఆమె పెట్టిన పోస్టర్‌కి ప్రైజ్ వచ్చింది. రాయడానికి ఇంకేం లేదు.

మార్చి 27

ఇంట్లో ఆ పిల్ల ఊసు రోజుకి పదిసార్లు ఎత్తుతున్నానని మావారు లెక్క చెప్పారు. అంత బెంగగా ఉంటే తెచ్చి పెంచుకుందామా అని వెటకారం. గరిటె విసిరాను. చెయ్యి జారిందన్నాను.

ఏప్రిల్ 9, సాయంత్రం 5

పద్నాలుగు మంది లెక్కలూ వచ్చాయి. చల్లటి జెల్‌కీ ఉత్త జెల్‌కీ తేడా లేదు! గీతలు రెండిటికీ ఒకేలా ఉన్నాయి. పన్నెండో తారీఖు మీటింగ్‌లో ప్రాజెక్ట్ ఆపేద్దామన్నారు సార్. అంటే నెలాఖరుకి ఆమె కాంట్రాక్ట్ కూడా అయిపోయినట్టే. ఆమె మొహంలో కత్తివాటుకి నెత్తురు చుక్క లేదు.

బాత్‌రూమ్‌కి వెళ్ళి అద్దంలో నవ్వుకున్నాను. ఇది ఎవరు చదువుతారు గనక. సంతోషంగా ఉంది.

ఏప్రిల్ 10

సిగ్నల్ సరిగ్గా పడని ఒక్క సెషన్ మళ్ళీ చెయ్యడానికి దర్జీగారు వచ్చారు. ఇవాళ ఉత్త జెల్. ఆమె ప్రింట్లు తీసుకోవడానికి కిందికి వెళ్ళింది. మందు లేని రోజన్నారు గానీ ఇవాళా చల్లగానే ఉందమ్మా, నువ్వు తుడుస్తుంటేనే కాలు జివ్వుమంటోంది అన్నాడాయన.

స్పిరిట్ దూది నా చేతిలోనే ఉంది.

అందరూ వెళ్ళాక తలుపు గడియ పెట్టుకుని నా తొడకే ఎలక్ట్రోడ్లు అంటించుకున్నాను. పొడి గుడ్డతో తుడిచి కాలెత్తాను. గీతలు చిన్నవి. స్పిరిట్‌తో తుడిచి ఎత్తాను. లేచాయి. మూడుసార్లు చేశాను. మూడుసార్లూ లేచాయి. జెల్ ముట్టుకోనే లేదు.

అంటే ఉత్త జెల్ రోజున కూడా వాళ్ళందరికీ చల్లదనం తగిలింది. నా చేతి మీదుగా.

ఏప్రిల్ 11, ఉదయం 6

నోరు మూసుకుంటే చాలు, నెలాఖరుకి ఆమె ఉండదు. నన్ను అడిగేవాళ్ళు లేరు. కానీ గుమ్మడికాయ దొంగలా నిన్నటి నుంచీ భుజాలు తడుముకుంటూనే ఉన్నాను. ఆ ఆలోచన ముందు నాది. దాన్ని చంపిందీ నేనే. పైగా ఆమె చెప్పింది నిజం. అదే మింగుడు పడటం లేదు.

ఉదయం 10:40

చెప్పేశాను. అరుస్తుందనుకున్నాను. మెట్ల మీద కూర్చుండిపోయింది. ఒక్కొక్కరికి ఎన్నిసార్లు తుడిచారక్కా అని అడిగింది. చెప్పాను. కాగితం మీద రాసుకుంది. ముక్కు చేతి రుమాలుతో తుడుచుకుని, మళ్ళీ మొదటి నుంచి చెప్పమంది.

ఎందుకలా చేశారని మాత్రం అడగలేదు.

ఏప్రిల్ 12

మీటింగ్ అయింది. సార్ మూడు నెలలు గడువిచ్చారు, మళ్ళీ మొదలుపెట్టమని. తప్పు కనిపెట్టింది అక్కే సార్ అని అందరి ముందూ చెప్పింది. తప్పు చేసిందెవరో చెప్పలేదు.

ఆ మంచితనం చూసినా నాకు కుళ్ళుగానే ఉంది.