మందుల సంచిలో కారు తాళం

అల్లుడుగారికి అత్తయ్య దీవించి రాయునది. మీ నడుంనొప్పి తగ్గిందా? అమ్మాయి దగ్గు ఎలా ఉంది? పాపకు మళ్లీ జ్వరం రాలేదు కదా? నాకు ఒంట్లో బాగానే ఉంది గానీ కంటికి కునుకు లేదు.

పోయిందనుకున్న మీ కారు తాళం నా మందుల సంచిలోనే ఉంది బాబూ. నన్ను బస్సెక్కించిన రోజు డ్రైవరు బండి ఇంజను ఆపకుండానే దిగి, "పెద్దమ్మగారూ, ఇది కాస్త పట్టుకోండి" అని నా చేతికిచ్చి పెట్టెలు మోశాడు. ఆ హడావిడిలో మరిచిపోయాను. తాళం నాకే ఇచ్చానని అతనంటున్నాడని మీరు ఫోన్ చేసి అడిగితే, "తాళం నా దగ్గరుంటే అతను బండి ఇంటికెలా తెచ్చాడు? అబద్ధానికైనా అంతుండాలి" అన్నాను. ఆ మాట మీదే కదా అతన్ని పనిలోంచి తీసేశారు.

నాలుగు రోజుల కిందట మాత్రలు వెతుకుతుంటే దొరికింది. పక్కింటి మెకానిక్కును అడిగితే, "మామ్మా, మీట నొక్కి స్టార్ట్ చేశాక తాళం లోపల లేకపోయినా ఈ బండ్లు పోతూనే ఉంటాయి. ఒకసారి ఆపితే మాత్రం తాళం లేకుండా మళ్లీ కదలవు" అన్నాడు. అమ్మాయి దగ్గర చులకనవుతానని ఈ నాలుగు రోజులూ నోరు మెదపలేదు.

అబద్ధాలకోరన్న పేరుతో అతన్ని ఇంకెవరు పెట్టుకుంటారు? కబురు చేసి పిలిపించండి, క్షమించమని నేనే అడుగుతాను. అతను రానంటే మీరే నన్ను వాళ్లింటికి తీసుకెళ్లాలి. పధ్నాలుగో తారీకు గురువారం పొద్దున బస్సుకు వస్తున్నాను.