సార్‌ను కాదన్న నస్రీన్

రమణగారూ,

మీరు పోయి నేటికి ఏడాది. అమీర్‌పేటలో కింద జావా క్లాసులు, పైన విదేశాల్లో ఎంబీఏకి వెళ్లేవారికి మన శిక్షణ తరగతి అలాగే నడుస్తున్నాయి. అక్కడ అధ్యాపకుడితో వాదించనివారికి మార్కులు రావని, మీరు వ్యాపార సమస్య ఒకటిచ్చి కావాలనే తప్పు పరిష్కారం చెప్పి, ఎవరైనా కాదనేదాకా ఆగేవారు. మీ చోట పాఠం చెబుతూ నేనూ అదే పాటిస్తున్నాను.

నస్రీన్‌కు రేపే లండన్ యూనివర్సిటీ ఇంటర్వ్యూ. ఇన్నాళ్లూ నేనేమన్నా తలూపేది. ఈరోజు పాఠంలో, నష్టాల్లో ఉన్న ఒక బేకరీకి రెండో దుకాణం తెరవాలన్నాను.

ఆమె లేచింది. "జర ఆగుండ్రి సార్. ఉన్నదే నడుస్తలేదు. ఇంకోటి తెరిస్తే రెండూ మునుగుతయి."

"అరె, సార్‌కే క్లాస్ చెప్తుందిరా" అని వెనక ఎవరో నవ్వారు.

ఆమె కూర్చోలేదు. నేను ఎంత వాదించినా నా మాట నిలవనివ్వలేదు.

విద్యార్థి చేతిలో ఓడిన రోజున మీరు అందరికీ ఛాయ్ ఎందుకు తెప్పించేవారో ఇప్పుడు తెలిసింది.