తొంభై రెండు బ్యాచ్

మార్చి 8, శుక్రవారం

ఇవాళ అబద్ధం ఆడాను. కావాలని ఆడలేదు, నోరు జారింది.

మా అపార్ట్‌మెంట్ కింద హాల్లో ఆడవాళ్ళ టేబుల్ టెన్నిస్ క్లబ్ ఉంది. నేను చేరి వారమే. ఆట అయ్యాక అందరం బార్లీ టీ తాగుతుంటే పదకొండో అంతస్తు జాంగ్మి, మీరు ఏ బ్యాచ్ అండీ అని అడిగింది. ఆడమనిషిని వయసెంత అని మొహాన ఎవరడుగుతారు? బ్యాచ్ అడుగుతారు. కాలేజీలో ఏ సంవత్సరం చేరామో తెలిస్తే ఎవరు అక్కో ఎవరు చెల్లో తేలిపోతుంది. అది తేలేదాకా మా డేగూ ఊళ్ళో ఎవరికీ మాట పెగలదు. నేను పుట్టింది డెబ్బై మూడులో. మనసులో లెక్క కట్టి తొంభై రెండు అనేశాను. నిజానికి చెప్పింది వయసే. కామర్స్ హైస్కూలు అవగానే కుట్టుమిషన్ ముందు కూర్చున్నదానికి బ్యాచ్ ఎక్కడిది?

అక్కడితో ఆగినా బాగుండేది. ఏ యూనివర్సిటీ అంది. రేపు పొద్దున నేను వెళ్ళాల్సిన చోటే నాలుక మీద ఉంది. కొండ మీది యూనివర్సిటీ అన్నాను. జాంగ్మి గ్లాసు పక్కన పెట్టేసి, లేచి, నడుం వంచి దణ్ణం పెట్టింది. సీనియర్ గారూ, నేనూ అక్కడే, తొంభై నాలుగు, ఇన్నాళ్ళూ ఎక్కడ దాక్కున్నారండీ బాబూ అంది. అందరూ చప్పట్లు కొట్టారు. సిగ్గులేకుండా నేనూ కొట్టాను.

మార్చి 9, శనివారం

మొదటి క్లాసు. యూనివర్సిటీ పెద్ద గేటు దాటి బస్సు ఇంకా పైకి వెళ్తుంది, మాది ఆఖరి స్టాపు. వెనక గేటు పక్క పాత బిల్డింగు. పనులు చేసుకునేవాళ్ళకీ, ఎంట్రన్సు తప్పినవాళ్ళకీ పెట్టిన సైకాలజీ కోర్సు. ఇక్కడ చదివిన క్లాసులు, ఇంట్లో సొంతంగా చదివి రాసిన సర్కారు పరీక్షలు, బయట తెచ్చుకున్న సర్టిఫికెట్లు, అన్నిటినీ క్రెడిట్ బ్యాంకు అనే సర్కారు పథకంలో కలిపి లెక్కేస్తారు. క్లాసుల్లో ఎక్కువ భాగం ఇక్కడే చదివితే డిగ్రీ మీద ఈ యూనివర్సిటీ పేరే వేస్తారు. అందుకే వచ్చాను. నాలుగేళ్ళు పట్టినా సరే.

పక్క సీట్లో ఇరవై ఏళ్ళ పిల్ల, పేరు నారే. నా కోర్సులు తొంగిచూసి, పిన్నీ, ఇది తీసెయ్యండి అంది. ఆ సబ్జెక్టు మీరు పరీక్ష రాసి పాసయ్యారుగా, మళ్ళీ క్లాసులో కూర్చున్నా ఒక్కసారే లెక్కేస్తారు, సెమిస్టరంతా నీళ్ళపాలు అంది. ఆఫీసులో ఒక్కరూ నాకీ ముక్క చెప్పలేదు. థాంక్స్ చెప్పి, పద, తినడానికి ఏమన్నా కొనిస్తాను అన్నాను. వీల్లేదంది. తను పోయిన సెమిస్టర్‌లో చేరిందట. నేను మీ సీనియర్‌ని, కొనాల్సింది సీనియర్లే, జూనియర్లు నోరు మూసుకుని తినాలి అని నాచు చుట్టిన అన్నం ముద్ద, మూడు మూలల కింబాప్, నా చేతిలో పెట్టింది.

రెండుసార్లు ఎంట్రన్సు రాసి తప్పిందట. రెండోసారి హాల్లో చేతులు వణికి పెన్ను పట్టుకోలేకపోయిందట. ఇక్కడ చేరాక వణుకు పోయిందని, ఎవరి చేతుల గురించో చెబుతున్నట్టు నవ్వుతూ చెప్పింది. ఇరుగుపొరుగు చూస్తారని వాళ్ళమ్మ ఇంట్లో ఉండనివ్వడం లేదట. కొండ కింద అమ్మమ్మ దగ్గర ఉంటోంది.

మార్చి 22, శుక్రవారం

మన క్యాంటీన్ కిమ్చీ పులుసు గుర్తుందా సీనియర్ గారూ అంది జాంగ్మి. నీళ్ళలా ఉండేది అన్నాను. అవునవును అని నా భుజం చరిచింది. ఏ క్యాంటీన్ పులుసు నీళ్ళలా ఉండదు?

ఏప్రిల్ 3, బుధవారం

నా కుట్టుషాపు మధ్యాహ్నం దాకా మూసి, క్రెడిట్లు నమోదు చేయించుకోవడానికి విద్యాశాఖ ఆఫీసుకు వెళ్ళాను. పాసైన పరీక్షలు, బట్టల డిజైన్ సర్టిఫికెట్, అన్నీ తీసుకున్నారు. కౌంటర్లో ఆయన ఒక్కొక్కటే చూసి, ఇది పనికొస్తుంది, ఇదీ పనికొస్తుంది అన్నాడు. నా జీవితంలో ఇన్ని పనికొచ్చేవి ఉన్నాయని నాకే తెలియదు. బస్‌స్టాపులో ఏడుపొచ్చింది. సంతోషమే.

ఎవరికైనా చెప్పాలనిపించింది. క్లబ్బులో చెప్పడానికి లేదు. వాళ్ళ లెక్కలో నా డిగ్రీ వచ్చి పాతికేళ్ళు దాటిపోయింది.

ఏప్రిల్ 27, శనివారం

మెయిన్ గేటు వైపు చదివే రెగ్యులర్ కుర్రాడొకడు షాపులో యూనివర్సిటీ జాకెట్ ఇచ్చి వెళ్ళాడు, చేతులు పొట్టి చేయాలట. వీపు మీద యూనివర్సిటీ పేరు, చేతి మీద వాడి బ్యాచ్ నంబరు. షట్టర్ సగం దించి తొడుక్కుని అద్దంలో చూసుకున్నాను. మా ఆయన వంగి లోపలికొచ్చి, బాగానే ఉంది గానీ విప్పు, ఆ పిల్లాడు చూస్తే ఏడుస్తాడు అన్నాడు.

మే 3, శుక్రవారం

ఆట అయ్యాక జాంగ్మి నన్ను మెట్ల మీద కూర్చోబెట్టింది. మీకు తప్ప ఎవరికీ చెప్పుకోలేను సీనియర్ గారూ అని మొదలుపెట్టింది. మా అమ్మాయి కోచింగులో ఉందని అందరికీ చెబుతున్నాను, అదంతా ఉత్తిదే, ఏదో క్రెడిట్ బ్యాంకట, మన యూనివర్సిటీ వెనక గేటు దగ్గరే, మన పేరే వాడుకుంటారట కూడానూ అంది. అదీ ఒక చదువేనా, అక్కడో ముక్క ఇక్కడో ముక్క ఏరుకొచ్చి కుట్టిన బొంత కాదూ అంది.

నేను నవ్వాను. కుట్టుపని చేసేదాన్ని, బొంత అనగానే నవ్వొచ్చిందని సర్దిచెప్పుకుందామని చూశాను. అది కాదు. ఆవిడ నవ్వితే నవ్వాను, అంతే.

మూడోసారి ఎంట్రన్సు రాయించాలట. హాస్టల్ కోచింగు, ఫోన్లు లాగేసుకుంటారు, నెలకోసారి ఇంటికి పంపుతారు. సీటు ఖాయం చేసిందట, ఈ నెల ఇరవై ఆరున చేర్చాలి. ఆ పిల్ల ససేమిరా అంటోందట. నా మాట వినదు, మీరు అక్కడే చదివినవారు, మీరొక్క మాట చెబితే కాదనదు, పన్నెండో తారీఖు ఆదివారం భోజనానికి రండి అంది.

పిల్ల పేరు నేను అడగలేదు. మా క్లాసులో ఆ వయసు ఆడపిల్లలు ముగ్గురున్నారు. అడిగితే తెలిసిపోతుందని భయం.

మే 12, ఆదివారం

నారే.

చల్లటి నూడుల్స్ హోటల్లో తలుపు వైపు తిరిగి కూర్చుంది. నన్ను చూసి నోరు తెరిచి, వెంటనే మూసేసింది. జాంగ్మి నా చేయి పట్టుకుని, తొంభై రెండు బ్యాచ్, మా సీనియర్ గారు అని పరిచయం చేసింది. నారే లేచి నిలబడి, మిమ్మల్ని మొదటిసారి కలుస్తున్నానండీ అంది. ఎక్కడా తడబడలేదు. నా ముందు చెంచా పెట్టింది, గ్లాసులో నీళ్ళు పోసింది. పోస్తుంటే చెయ్యి వణికి నీళ్ళు బల్ల మీద ఒలికాయి. జాంగ్మి టిష్యూతో తుడుస్తూ, ఇదెప్పుడూ ఇంతే, ఏ పనీ నిదానంగా చెయ్యదు అంది. కూతురి గిన్నెలో నూడుల్స్ అడగకుండానే కత్తెరతో కత్తిరించింది.

జాంగ్మి నన్ను చెప్పమంది. కాదనే అవకాశం నాకుంది. నాకు తెలియదండీ, మీ అమ్మాయి ఇష్టం అన్నా సరిపోయేది. నేనేమన్నానో రాస్తాను, రాయకపోతే రేపటికి మెత్తబరిచి గుర్తుపెట్టుకుంటాను. అసలైన యూనివర్సిటీ దారి వేరమ్మా, ఒక్క ఏడాది ఓర్చుకుంటే జీవితాంతం ఎవరి ముందూ తల దించుకోనక్కర్లేదు అన్నాను. గొంతు కూడా సీనియర్ గొంతే వచ్చింది.

సరేనండీ అంది నారే. నన్ను చూడలేదు, గిన్నెలోకి చూస్తూ అంది. జాంగ్మి బల్ల కింద నా మోకాలు నొక్కింది, సంతోషంతో.

ఆ పిల్ల నన్ను కాపాడింది. నేను దాన్ని అప్పగించేశాను.

మే 13, సోమవారం

ఒక ప్యాంటుకు రెండు కాళ్ళూ రెండు పొడుగులు కుట్టాను.

మే 18, శనివారం

పక్క సీటు ఖాళీ. ప్రొఫెసరు రెండుసార్లు నారే పేరు పిలిచారు. ఇంకో రెండు వారాలు రాకపోతే ఈ సెమిస్టర్ క్రెడిట్లు పోతాయి. మెసేజ్ పెట్టాను. చూసినట్టుంది, జవాబు లేదు. ఏం జవాబిస్తుంది? పాఠం పిల్లల్లో భయాల గురించి. ఒక్క ముక్క బుర్రకెక్కలేదు.

మే 24, శుక్రవారం

చెప్పేశాను. చెప్పి వచ్చి నాలుగు గంటలైంది, ఇంకా చెవులు వేడిగానే ఉన్నాయి.

ధైర్యం తెచ్చుకుని చెప్పానని రాసుకుంటే అదో అబద్ధం. వెళ్ళేటప్పుడు ఆ ఉద్దేశమే లేదు. మూడో అంతస్తులోకి కొత్తగా వచ్చినావిడ నన్ను ఏ బ్యాచ్ అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే జాంగ్మి అందుకుంది. మా సీనియర్ గారు, తొంభై రెండు, మా అమ్మాయి మనసు మార్చింది ఈవిడే, ఎల్లుండే హాస్టల్‌కి పంపుతున్నాను అంది. ఎంత గర్వంగా చెప్పిందో. ఆ గర్వం చూసి ఒళ్ళు చచ్చిపోయింది నాకు.

కాదు అన్నాను. నేను ఈ ఏడాది బ్యాచ్ అన్నాను.

జోకనుకుని అందరూ నవ్వారు. జాంగ్మి అందరికంటే ఎక్కువ నవ్వింది. నవ్వులు ఆగేదాకా ఆగి, మళ్ళీ చెప్పాను. వెనక గేటు, శనివారం క్లాసు, మీ నారే పక్క సీటు నాదే, అది నాకంటే ఒక సెమిస్టర్ సీనియర్ అన్నాను. బొంత అన్నారే, ఆ బొంత నేనూ కుట్టుకుంటున్నాను అన్నాను. పక్క టేబుల్ వాళ్ళు ఆట ఆపేశారు. బంతి దొర్లుకుంటూ వచ్చి నా బూటుకు తగిలింది. ఎవరూ తీసుకోలేదు.

జాంగ్మి బ్యాటు బల్ల మీద పెట్టింది. తర్వాత, ఊరూ పేరూ తెలియని మనిషితో మాట్లాడినట్టు అడిగింది. హోటల్లో అది మిమ్మల్ని గుర్తుపట్టిందా? పట్టిందన్నాను. అయినా నోరెత్తలేదా? ఎత్తలేదన్నాను. నా పరువు పోతుందని ఊరుకుంది, నేను నా పరువు కోసం దాన్ని హాస్టల్‌కి పొమ్మన్నాను, ఇంతకంటే సిగ్గుచేటు నాకింకోటి లేదు, దాన్ని పంపకండి, మళ్ళీ ఎంట్రన్సంటే చేతులు వణుకుతాయి, ఇక్కడికొచ్చాకే తగ్గాయి అన్నాను.

ఏం చేతులు, ఏం వణుకు అంది జాంగ్మి.

పోయినసారి పరీక్ష హాల్లో పెన్ను పట్టుకోలేకపోయిందట కదా అన్నాను.

మీకు చెప్పిందా అంది. చెప్పిందన్నాను. నాకు చెప్పలేదు అంది. రెండుసార్లు అంది ఆ మాట. బ్యాటు అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది. లిఫ్ట్ దిగొచ్చేదాకా కూడా ఆగలేదు, పదకొండు అంతస్తులూ మెట్లెక్కి వెళ్ళిందట.

నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. గ్లాసులు కడిగి బోర్లించి వచ్చేశాను. ఎవరైనా తిట్టినా బాగుండేది.

మే 25, శనివారం

నారే క్లాసుకు రాలేదు.

జూన్ 1, శనివారం

క్లాసు మొదలయ్యాక నారే వచ్చింది. నా పక్కన కూర్చోలేదు, రెండు వరసల ముందు కూర్చుంది. నోట్సు రాసుకుంటుంటే చెయ్యి నిలకడగానే ఉంది, క్లాసంతా అదే చూశాను. బ్రేక్‌లో లేచి నా డెస్క్ మీద మూడు మూలల కింబాప్ పెట్టింది. సీనియర్లే కదా కొనాలి అంది. పిన్నీ అని మాత్రం అనలేదు.

నోరు మూసుకుని తిన్నాను.