వీరదుర్గ గారి అరికాళ్ళు

కాకినాడ, జూన్ 17

అమ్మకు, నేను క్షేమం. ఫోనులో అయితే "ఆ కరెంటు పనులు నీకెందుకే" అంటూ నన్ను మాట్లాడనివ్వవు కనుక కార్డు రాస్తున్నాను.

సముద్రంలో చేపల వేట నిషేధం రోజుల్లో ఐసు ఫ్యాక్టరీలకు తీరిక. కరెంటు ఎక్కడ వృథా అవుతోందో కనిపెట్టే మా చిన్న ఆఫీసుకు అప్పుడే పని. ఉప్పాడ దగ్గర బుల్లబ్బాయి గారి ఫ్యాక్టరీకి వెళ్ళాను. కరెంటు ఖర్చు భరించలేక ఆయన మూసేద్దామనుకుంటున్నారు. మూడు రోజులు మీటర్లు పెట్టి చూసినా మోటార్లలో లోపం దొరకలేదు. నాకు ఏడుపొచ్చింది. అప్పుడు ఐసు దిమ్మలు తీసే వీరదుర్గ గారు, "ఆ మూల చెక్కల మీద నిలబడండి మేడం గారూ, అరికాళ్ళు కొయ్యబారిపోతాయండి" అన్నారు. చెప్పులు విప్పి నిలబడ్డాను. నిజమే! ఆ చెక్కలే ఐసు గడ్డకట్టే ట్యాంకుకు మూతలు. వాటి కింద చల్లదనాన్ని ఆపే పొర కుళ్ళిపోయి, చల్లదనమంతా పైకి పోతోంది.

"ఇన్నాళ్ళూ చెప్పలేదేంటి దుర్గా?" అన్నారు బుల్లబ్బాయి గారు.

"నన్నెవరడిగారండి?" అన్నారావిడ.

రిపోర్టులో మొదటి వాక్యం ఆవిడ పేరుతోనే రాశాను. మూతలు మార్చారు. నిన్న ఆ ఊరి పడవలు అక్కడి ఐసుతోనే వేటకు వెళ్ళాయి. ఫ్యాక్టరీ ఇక మూయరట.

నీ మోకాలు ఎలా ఉంది? చెల్లి హెలెన్ పరీక్ష పాసయిందా? నాన్నను ఎండలో సైకిలు తొక్కనివ్వకు. చర్చిలో అందరికీ నా వందనాలు చెప్పు. మాగాయ రెండు సీసాలు పంపు. ఒకటి వీరదుర్గ గారికి. మా అమ్మ పంపిందని చెప్పి ఇస్తాను.

నీ ప్రిస్కిల్లా