లెక్కల్లో పాసైనానమ్మా

అమ్మా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాదైంది. గల్ఫుకొచ్చి ఉంటున్న ఈ ఫుజైరా ఇంట్లో ఇప్పుడు నేనూ నాయనే.

పదకొండో క్లాసు లెక్కల్లో తప్పినానని తెలిసిన రోజు నాయన బెల్టు తీసినాడు. అడ్డమొచ్చేదానికి నువ్వు లేవు కదా, దెబ్బలన్నీ నా వీపుకే తగిలినాయి. వేసవిలో ఆన్‌లైన్ కోర్సు చేసి మళ్లీ పరీక్ష రాస్తే ఆ మార్కు మారుస్తామని స్కూల్లో చెప్పినారు. చేరినా. ఓరోజు క్లాసు నడుస్తుండగా నాయన వచ్చి, "మళ్లీ సినిమాలా?" అని చెంప మీద కొట్టినాడు. మైకు ఆన్‌లోనే ఉండిందమ్మా, క్లాసంతా విన్నది. "ఏమైంది అక్కడ?" అని టీచర్ అడిగేలోపే ల్యాప్‌టాప్ గోడకేసి కొట్టినాడు. మిగిలిన పాఠాలు కింద ఫ్లాటు మలయాళీ ఆంటీ ఫోన్లో విన్నా.

ఇవాళ రిజల్టొచ్చింది. మంచి మార్కులతో పాసైనా. చూపిస్తే, "ఈ బుద్ధి మొదటే ఎందుకు రాలేదే?" అని చెయ్యెత్తినాడు. ఆ చెయ్యి పట్టుకున్నా.

"ఖలాస్ నాయనా, ఇంక కొట్టొద్దు" అన్నా.

విడిపించుకోవాలని గింజుకున్నాడు. నేను వదల్లేదు. కాసేపటికి ఆయనే సోఫాలో కూలబడినాడు.

మనం భయపడినంత బలం ఆ చేతిలో లేదమ్మా. ఆ సంగతి తెలియకుండానే పోయినావు నువ్వు.