మా హోమ్ మ్యాచులు

గురువారం, అల్ వక్రా, ఖతార్

ఒలింపిక్స్ లాంటి పెద్ద ఆటలకని మా క్లబ్ గ్రౌండ్ తీసుకున్నారు. మా గ్రౌండ్‌లోనే ఆడే మా హోమ్ మ్యాచులన్నీ ఆ తర్వాతి నెలకు నెట్టారు. నా సెలవు ఆ నెలలోనే. వరసగా ఆడితే గడ్డి కోలుకోదు, గడ్డి చూసుకునే నేను కదలడానికి లేదు. సూపర్‌వైజర్ ఒక్క మాటలో తేల్చేశాడు: “ఛుట్టీ మాఫీ.” సెలవు లేదని.

ఒళ్ళంతా నొప్పులు. అయినా ఇంటికి ఫోన్ చేశాను. “గా నెలంత హోమ్ మ్యాచులే” అని నా భార్య లక్ష్మికి చెప్తుంటే, స్పీకర్‌లో విని రెండో తరగతి చదివే మా చిన్నది ఫోన్ గుంజుకుంది.

“హోమ్ అంటే ఇల్లే గద బాపూ! గా నెల ఇంటికే వస్తున్నవా?”

“అవు బిడ్డా” అనేశాను. ఎందుకన్నానో...

అది గెంతుతూ వెళ్ళిపోయింది. లక్ష్మి ఫోన్ తీసుకుని మెల్లగా అడిగింది: “మల్ల నిజంగ ఎన్నడొస్తవ్?”