ఎర్ర అంచు రంగు దిగింది

నాన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. సంవత్సరీకం భోజనాలయ్యాక అన్నా నేనూ గద్వాల బస్టాండు పక్కనున్న నెట్ సెంటర్‌కి వెళ్లాం. మన చీరలు కొన్నవాళ్ల కోసం నేను నెట్‌లో పెట్టిన గ్రూపులో ఒకావిడ ఫిర్యాదు రాసింది. మొదటిసారి ఉతకగానే ఎర్ర పట్టు అంచు రంగంతా తెల్ల నూలు మీదికి దిగిందట.

"తీసెయ్యే. అందరు చూస్తే బేరం ఖతమైతది," అన్నాడు అన్న.

"ఎలా ఉతికారు?" అని రాయబోయి ఆగాను. రంగు పోయిందని దుకాణానికి ఎవరొచ్చినా నువ్వు ఆ మాట ఎప్పుడూ అడగలేదు. ముందు చీర విప్పమనేవాడివి, చెప్పేదంతా వినేవాడివి. "తప్పు మాదే కావచ్చు. చీర పంపండి, చూస్తాం" అని అందరికీ కనబడేలా రాశాను.

"జర సోచాయించు, కాన్వెంటు మేడమ్! రేపు అందరు వాపస్ పంపుతరు."

"పంపనీ అన్నా."

కాసేపటికి ఇంకొకావిడ రాసింది: "నా చీరకూ అంతే అయింది. మీరు నొచ్చుకుంటారని ఇన్నాళ్లూ చెప్పలేదు."

అన్న అది రెండుసార్లు చదివాడు. నన్ను తిడతాడనుకున్నాను. బయటికెళ్లి ఇంటికి ఫోన్ చేశాడు.

"రేపటి సంది మగ్గం ఆపుండ్రి. దాని మీదున్న గా ఎర్ర అంచు కోసెయ్యిండ్రి."

నేను రెండో ఆవిడకు జవాబు మొదలుపెట్టాను.

నీ బిడ్డ